గేటు మీది తీగ ఆకులో ఏమున్నట్టు

మా గేటు మీద రాధామనోహరం తీగ ఉంది. ముచ్చటపడి పెట్టింది కాదు. ఈ ఇల్లు కట్టిన ఏడాది, పక్కింటివాళ్ళు కొట్టేసిన కొమ్మ ఒకటి రోడ్డు మీద పడి ఉంటే, దండెం తాడు కట్టడానికి కర్రలా పనికొస్తుందని తెచ్చి గేటు పక్కన గుచ్చాను. కర్ర కాస్తా చిగురేసింది. ఇప్పుడు గేటు కనబడదు. మా ఇంటికి దారి అడిగినవాళ్ళకు సిద్దిపేటలో ఎవరైనా సరే, పూల తీగ గేటు అని చెప్తారు. సాయంత్రం తెల్లగా విచ్చుకున్న పువ్వు మర్నాటికి గులాబీ రంగు తిరుగుతుంది, ఇంకో రోజుకు ఎర్రబడుతుంది. ఒకే గుత్తిలో మూడు రంగులు. ఎందుకలా అని నేనెప్పుడూ అడగలేదు. పువ్వు దాని ఇష్టం.

ఆ తీగ నీడలో అరుగు మీద కూర్చుని నేను బీడీలు చుడతాను. కార్ఖానా నుంచి తునికాకు, తంబాకు తెచ్చుకుంటాను. ఆకును తడిపి, మెత్తబడ్డాక కత్తెరతో కోసి, చాటలోని తంబాకు పొడి అందులో పోసి చుట్టి, దారం కడతాను. మా అత్త కూడా చేతులాడినన్నాళ్ళు చుట్టింది. ఇప్పుడు కళ్ళలో పొర వచ్చింది కాబట్టి ఆ నీడలోనే మంచం మీద కూర్చుని కట్టలు సర్దుతుంది, నన్ను తిడుతుంది. ఈ రెండో పనికి చూపు అక్కర్లేదు.

మేడ మీద గదిలో కిరాయికి ఉన్న అమ్మాయిది మద్దూరు. ఇక్కడి కాలేజీలో కెమిస్ట్రీ పెద్ద చదువు, ఆఖరి ఏడు. నన్ను పెద్దమ్మ అంటుంది, మా అత్తను అవ్వ అంటుంది. ఒకరోజు పొద్దున్నే మెట్లు దిగి వచ్చి గేటు దగ్గర నిలబడి, తీగకేసి సంతలో మేకను చూసినట్టు అటూ ఇటూ తిరిగి చూసింది.

“పెద్దమ్మా, నీ తీగ ఆకులు జర తెంపుకోనా?”

“పూలు తెంపుకోరాదు బిడ్డా. ఆకులేం జేసుకుంటవు, పప్పుల ఏస్తవా?”

“తినేటందుకు గాదు. ఆకుల ఏమేమున్నయో చూడాలె.”

“ఆకుల ఏముంటది? ఆకుంటది.”

మంచం మీది నుంచి మా అత్త అందుకుంది. “కండ్లకు పొరొచ్చిన నాకే ఆకు కనబడుతుంది. నీకు కనబడుతలేదా? గంత చదువు చదివి ఏం ఫాయిదా?”

అమ్మాయి నవ్వి అరుగు మీద నా పక్కన కూర్చుంది. వాళ్ళ చదువులో ఆఖరున ఒక్కొక్కరూ ఒక చెట్టునో తీగనో పట్టుకుని, దాని ఆకులో ఏ పదార్థాలు ఉన్నాయో తీసి చూసి, ఒక పుస్తకంలా రాసి ఇవ్వాలట. అది ఇవ్వకపోతే ఆ ఏడు పాస్ కానట్టే. ఆమెకు హైదరాబాదు దగ్గర మందుల కంపెనీలో పని ఖాయమైంది. పాసైన కాగితం తెస్తేనే చేరనిస్తామన్నారు. వాళ్ళ బాపు పొలం పనికి పోతాడు. ఈ పని దొరికిందని తెలిసిన రోజు ఊరంతా తిరిగి చెప్పుకున్నాడట. అదంతా ఆమె మామూలుగానే చెప్పింది కానీ, చెప్తూ చెప్తూ చాటలోని బీడీలు తీసి మళ్ళీ మళ్ళీ వరసగా పేర్చింది. దాన్ని బట్టి నాకు తెలిసింది, ఈ ఆకుల మీద ఆమెకు ఎంత ఆశ ఉందో.

“మిరపకాయల కారముంటది గద పెద్దమ్మా, పసుపుల పచ్చరంగుంటది గద. గట్లనే ఈ ఆకుల గూడ కంటికి కనబడనియి ఉంటయి. వాటిని బయటికి తీసి, ఏది ఏందో పేరు చెప్పాలె.”

మిరపకాయలో కారం ఉందంటే నేను ఒప్పుకున్నాను. మిరపకాయ వేరు, కారం వేరు, విడదీయవచ్చు అంటే మాత్రం మనసు ఒప్పలేదు. కారం తీసేశాక మిగిలింది మిరపకాయేనా? పేరేం పెట్టాలి దానికి? అడుగుదామనుకునేలోపు ఆమె ఒక ఆకు వంచి వెనక్కి తిప్పి చూసి పెదవి విరిచింది. ఆకు నిండా చిల్లులు.

“పురుగు కొట్టిన ఆకు పనికిరాదు. కొత్తాకు రానీ, నెల ఆగి తెంపుత. పెద్దమ్మా, దుకాణంల అమ్మే మందులేమన్నా కొడ్తవా దీనికి?”

“దుకాణం మందా? ఎన్నడు కొట్టలే బిడ్డా. ఒట్టు.”

నేను చెప్పింది నిజమే. ఇప్పటికీ అది నిజమే.

ఆ పిల్ల చిల్లుల ఆకు చూసి పెదవి విరవడం నాకు తలకొట్టేసినట్టయింది. మా ఇంటికి వచ్చి అడిగిన ఒక్కటీ పనికిరానిదిగా ఉండటమేమిటి? ఆమె కాలేజీకి పోయాక చాట అడుగున మిగిలిన తంబాకు దుమ్ము పిడికెడు తీసి, రెండు చెంబుల నీళ్ళలో మరగబెట్టి, చల్లార్చి వడకట్టి, వేపమండతో తీగ మీద చల్లాను. చిన్నప్పుడు మా అవ్వ బీరపాదుకు అలాగే చేసేది. ఇక పురుగు ఆ వైపుకు రాదు. మూడు నాలుగు రోజులకోసారి అలా చల్లుతూ పోయాను. కొత్తగా వచ్చిన ఆకులు నూనె రాసిన పిల్లల తలల్లా నిగనిగలాడాయి. ఒక్క చిల్లు లేదు.

నెల తర్వాత అమ్మాయి చూసి ఎగిరి గంతేసినంత పని చేసింది.

“అబ్బ! గింత మంచిగ ఎట్లయినయి పెద్దమ్మా?”

“మంచిగ అర్సుకుంటే ఐతయి,” అన్నాను గొప్పగా.

తంబాకు నీళ్ళ సంగతి దాచాలని కాదు. మాటల్లో రాలేదు, అంతే. కూరలో ఉప్పు వేశానని ఎవరితోనైనా చెప్తామా? వేయకపోతే కదా చెప్పేది.

ఆ పిల్ల జాగ్రత్త చూసి నాకు నవ్వొచ్చేది. చేతులకు తొడుగులు వేసుకుని ఆకులు తెంపింది. నల్లా నీళ్ళతో రెండుసార్లు కడిగింది. కాలేజీ నుంచి సీసాలో తెచ్చిన శుద్ధి నీళ్ళతో మూడోసారి కడిగింది. ఎండలో పెడితే ఆకులో ఉన్నది పోతుందట, అందుకని పైన గదిలో తెల్ల కాగితాలు పరిచి నీడలో ఆరబెట్టింది. పది రోజులు ఆమె గోడవారగా పడుకుంది, ఆకులు నడిమధ్యన పడుకున్నాయి. ఎండాక పొడి చేయాలంటే, మా రోలు ఇస్తానన్నాను.

“వద్దు పెద్దమ్మా, రోట్లె పసుపు, అల్లం అన్నీ పట్టుకొని ఉంటయి. ఆకుల లేనిది ఉన్నట్టు చూపిస్తది.”

“కడిగి ఇస్త.”

“ఎంత కడిగినా ఉంటది.”

నాకు రోషం వచ్చింది. మా రోలంత శుభ్రమైన రోలు ఈ వాడలో లేదు. మా అత్త మాత్రం, “నీ చేతి అంట్లు చూసినట్టుంది,” అని సంతోషపడింది.

ఆ తర్వాత రోజూ సాయంత్రం వచ్చి అమ్మాయి తన ఫోనులో ఫొటోలు చూపించేది. ఆకుపొడిని స్పిరిట్ లాంటి దానిలో నానబెడితే పచ్చటి రసం దిగింది. ఆ రసాన్ని సన్నటి గాజు గొట్టాల్లో పోసి, ఒక్కోదానిలో ఒక్కో సీసా చుక్కలు వేస్తారు. ఒకటి సిరా రంగు తిరిగింది. అది ఆకులోని వగరట, తుమ్మ చెక్కలో ఉండేలాంటిదే. ఒకదాన్ని ఊపితే నురుగొచ్చింది.

“కుంకుడుకాయల ఉండేటి దానికి సుట్టమన్నట్టు పెద్దమ్మా.”

“కుంకుడుచెట్టు మా వాడలనే లేదు. సుట్టరికం ఏడికెల్లి కలిసింది?”

ఆమె ఏదో చెప్పింది. చెప్తున్నంతసేపు అర్థమైనట్టే ఉంది, మెట్లెక్కి పోయేసరికి ఏమీ మిగల్లేదు. నేను విన్న మాట మర్చిపోయే మనిషిని కాదు. ఆమె అన్న మాటలన్నీ వరస తప్పకుండా నాకు గుర్తున్నాయి. మాటలు గుర్తుండటం వేరు, అవి తలకెక్కడం వేరు అని అప్పుడే తెలిసింది.

ఆఖరి గొట్టంలో ఇటుక రంగు మడ్డి అడుగున పేరుకుంది. ఆ ఫొటో చూపించినప్పుడు అమ్మాయి నవ్వలేదు. “గింత రావొద్దు,” అని తనలో తాను అనుకుంది. రసాన్ని హైదరాబాదులో ఒక పెద్ద మిషనుకు పంపించారు. పది రోజులకు కాగితం వచ్చింది.

ఆ సాయంత్రం ఆమె మేడ మీదికి పోలేదు. మొదటి మెట్టు మీదే కూలబడింది. నేను చాట పక్కన పెట్టి లేచాను.

“ఏమైంది బిడ్డా? ఊర్లె అంత మంచేనా?”

“మా కాలేజీ మేడం నన్ను నమ్ముతలేదు పెద్దమ్మా. ఈ ఆకుల ఉండరానిది ఉన్నదట.”

కాగితం నా ముందు పెట్టింది. సన్నటి గీత ఒకటి నేల మీద పాకుతూ పోయి అక్కడక్కడ గుట్టల్లా లేస్తోంది. ఒక్కో గుట్ట ఆకులోని ఒక్కో పదార్థమట. అన్నీ చిన్న చిన్న గుట్టలే. మధ్యలో ఒకటి మాత్రం కొండంత లేచింది. అమ్మాయి దాని మీద గోరు పెట్టింది.

“ఇది నికోటిన్. తంబాకుల ఉండేది. రాధామనోహరంల ఇది ఉన్నట్టు ఏ పుస్తకంల లేదు. నువ్వు వేరేటోళ్ళ సీసా కలిపినవు, లేకుంటే గాజు సామాను సరిగ్గ కడగలేదు అంటున్నది మేడం. ఏడికెల్లి వచ్చిందో రుజువు చూపియ్యి, లేకుంటే ఇంకో చెట్టుతోని మొదటికెల్లి చెయ్యి అన్నది. పుస్తకం ఇచ్చేటందుకు ఇంక నెల గూడ లేదు. ఆకు ఆరవెట్టేటందుకే పది రోజులు పడ్తది.”

మా అత్త పకపకా నవ్వింది. “తంబాకు మన ఇంట్ల ఉండక కలెక్టరాఫీసుల ఉంటదా?”

నాకు నవ్వు రాలేదు. తంబాకు నేల మీద చాటలో ఉంది. తీగ గేటు మీద ఉంది. తంబాకు ఒక చెట్టు ఆకు, ఇది ఇంకో తీగ ఆకు. ఒకదానిది ఇంకొకదాని లోపలికి ఎట్లా పోతుంది? నా చీర కొంగుకు వాసన పట్టిందంటే తెలుస్తుంది. లోపలికి పోవడమంటే? “గాలికి దుమ్ము పడ్డదేమో,” అన్నాను.

“మూడుసార్లు కడిగిన పెద్దమ్మా, దుమ్మయితే పోవాలె.”

అవును, కడిగింది, నేను చూశాను. అమ్మాయి కళ్ళు తుడుచుకుంటోంది. మా అత్త కట్టకు దారం బిగిస్తూ, తల ఎత్తకుండానే నాతో అన్నది:

“మరి నువ్వు తీగకు తానం పోసిన నీళ్ళో? అవి లోపటికి ఇంకినయేమో.”

“ఏం నీళ్ళు అవ్వా?” అన్నది అమ్మాయి.

“తంబాకు నీళ్ళు. మనుమరాలికి పోసినట్టు పోసింది గద దీనికి, నీ ఆకులు మంచిగ రావాలెనని.”

అమ్మాయి నా వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉందో, ఆశ ఉందో, రెండూ ఉన్నాయో నాకు తెలియలేదు.

“పెద్దమ్మా! అడిగిన గద! మందు కొడ్తవా అని అడిగిన గద!”

“దుకాణం మందని అడిగితివి బిడ్డా. గిది మన ఇంట్లది.”

ఆమె ఒక్కసారిగా నవ్వడం మొదలుపెట్టింది. నవ్వు మధ్యలోనే మళ్ళీ ఏడుపు. చెడు చేశానా? పురుగు పట్టకుండా చూశాను. ఆకు నిగనిగలాడింది. ఆమే మెచ్చుకుంది. మంచి చేస్తే అది ఆమె మెడకు ఎట్లా చుట్టుకుందో నాకు బోధపడలేదు. కాసేపటికి ఆమె మొహం కడుక్కుని వచ్చి, “ఇది మేడంకు చెప్తే నమ్మదు. ఇప్పుడు కథ అల్లుకొచ్చిన అంటది,” అన్నది.

“నేనొచ్చి చెప్త,” అన్నాను.

“నువ్వా?”

“నేను చల్లిన. నేను చెప్పకుంటే ఎవరు చెప్తరు?”

మర్నాడు నిమ్మచెక్కతో చేతులు రుద్దుకుని, పెట్టెలో చీర తీసి కట్టుకుని ఆమె వెంట ఆటో ఎక్కాను. మా అత్త, “ఇన్నేండ్లకు బడికి పోతున్నది నా కోడలు, పలక దొరికిందా?” అని గేటు దాకా వినబడేట్టు అన్నది.

కాలేజీలో ఆ గది నిండా సీసాలు. ఘాటు వాసన. నాకు దగ్గు రాకపోవడం నాకే వింతగా ఉంది. తంబాకు అలవాటు గొంతు కదా. మేడం మనిషి చిన్నదే, కళ్ళద్దాలు పెద్దవి. కుర్చీ వేసి కూర్చోమన్నది. నేను నిలబడే చెప్పాను, పిడికెడు దుమ్ము, రెండు చెంబుల నీళ్ళు, వేపమండ, అంతా. మేడం ముఖంలో నమ్మకం కనబడలేదు. అమ్మాయి కోసం చెప్తున్నాననుకుంది.

“ఎన్నిసార్లు చల్లిన్రమ్మా?”

“తొమ్మిదిసార్లు.”

“రాసి పెట్టుకున్నరా?”

“నాకు రాసుడు మంచిగ రాదు మేడం. యాదికున్నది.”

“ఏయే రోజులో చెప్పగలుగుతరా?”

ఎందుకు చెప్పలేను? మొదలుపెట్టాను. మొదటిసారి సోమవారం. ఆ రోజు కార్ఖానా ఇచ్చిన తునికాకు సగం చిరుగులదే, పని పొద్దున్నే అయిపోయింది, అందుకే పొయ్యి మీద నీళ్ళు పెట్టాను. రెండోసారి గురువారం, నల్లా రాలేదు, బోరింగు నుంచి తెచ్చిన నీళ్ళు పోశాను. మూడోసారి ఆదివారం. ఆ రోజు పక్కింట్లో పసిపిల్లకు పేరు పెడుతున్నారు. చెంబు కావాలని పక్కింటామె అడిగితే ఇవ్వలేదు, అది తంబాకు చెంబు. ఆవిడ ఇప్పటికీ మాట్లాడదు. నాలుగోసారి చల్లిన గంటకే తుంపర పడింది. అది కడుక్కుపోయిందని తర్వాతి రోజే ఐదోసారి చల్లాను. ఆ రోజు దుమ్ము సరిపోక పిడికెడు నిండలేదు. అట్లా తొమ్మిదో దాకా చెప్పాను. ఆఖరుది ఆకు తెంపడానికి మూడు రోజుల ముందు.

మేడం రాస్తూ రాస్తూ ఆగింది. తన ఫోను తీసి ఏదో చూసింది. ఆ తుంపర పడిన రోజు ఆమె కూడా తడిసిందట, ఫొటో ఉందట. కళ్ళద్దాలు సర్దుకుని, “మళ్ళొకసారి మొదటికెల్లి చెప్పున్రి,” అన్నది.

మళ్ళీ చెప్పాను. రెండోసారి ఏమీ మారలేదు. మారడానికి ఏముంది, జరిగింది ఒక్కసారే కదా.

మేడం కాగితం అమ్మాయి ముందుకు జరిపింది. “ఇది నీ పుస్తకంల రాయాలె. ఏ మాట విడువకు.”

“పక్కింటామె ముచ్చట గూడనా మేడం?” అన్నాను నేను భయపడి.

మేడం అప్పుడు మొదటిసారి నవ్వింది. తర్వాత నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ఇప్పుడేం చేయాలో చెప్పింది. నేను చెప్పింది తను నమ్ముతుంది, కానీ నమ్మకం రుజువు కాదట. తంబాకు నీళ్ళు పడిన కొమ్మ ఆకులు కొన్ని, ఎన్నడూ పడని కొమ్మ ఆకులు కొన్ని తేవాలి. మేడం ఉండే వీధిలో ఇంకో ఇంటి గోడ మీద ఇదే తీగ ఉంది, ఆ చుట్టుపక్కల బీడీలు చుట్టేవాళ్ళు లేరు, ఆ ఆకులు కొన్ని. మూడింటినీ మిషనుకు పంపిస్తే తెలుస్తుంది. ఈసారి నీడలో ఆరబెట్టేంత టైము లేదు, కాలేజీలో సన్నటి వేడి పెట్టెలో ఆరబెడతారు.

“నీళ్ళు పడని కొమ్మ ఉన్నదా మీ తీగకు?” అన్నది మేడం.

ఉంది. మా అత్త మంచం మీదికి వాలిన కొమ్మ. అటు చల్లితే నీళ్ళు ఆమె మీద పడతాయి, ఆ తిట్లు ఎవరు పడతారని ఎన్నడూ చల్లలేదు.

ఇంటికొచ్చి ఆ కొమ్మకు తెల్ల దారం, చల్లిన కొమ్మకు ఎర్ర దారం కట్టాను. బీడీలకు కట్టే దారమే. ఎర్ర దారపు కొమ్మకు ముందు లాగే తంబాకు నీళ్ళు, కొలిచి మరీ, రోజు విడిచి రోజు ఐదుసార్లు. తెల్ల దారపు కొమ్మకు ఏమీ లేదు. అటు గాలి వీస్తుంటే చల్లకుండా ఆగేదాన్ని. తీగను చూసుకుంటూ కూర్చుంటే చుట్టే బీడీలు తగ్గాయి. మా అత్త, “నీ మొగనికి జరమొచ్చినప్పుడు గూడ గింత నిష్ఠగ చూడలే,” అన్నది. మా ఆయన మార్కెట్ యార్డులో మూటలెత్తే మనిషి, గొడవల్లోకి రాడు. అన్నం తింటూ, “నిజమే,” అన్నాడు.

ఆకులు మిషనుకు పోయాయి. కాగితం రావడం ఆలస్యమైంది. అమ్మాయి రోజూ ఫోను చూసేది, నేను ఆమెను చూసేదాన్ని. పుస్తకం ఇవ్వాల్సిన గడువుకు ఇంకా మూడు రోజులుందనగా వచ్చింది. ఒక్క పరుగున వచ్చి అరుగు మీద మూడు కాగితాలు పరిచింది.

“చూడు పెద్దమ్మా. ఇది మేడం వీధిల ఆకు. ఆ జాగల ఏమీ లేదు, సాఫ్.”

గీత నిజంగానే అక్కడ నేలబారుగా ఉంది.

“ఇది ఎర్ర దారం కొమ్మ.”

కొండ. ముందటి కొండే.

“నీ మాట రుజువైంది. మేడం సంతకం పెట్టింది. నేనిగ రాసుడే ఉన్నది.”

ఆమె నన్ను గట్టిగా పట్టుకుంది. నా ఒళ్ళంతా తంబాకు దుమ్ము, వద్దన్నా వినలేదు. నాకు గుండె మీంచి బరువు దిగినట్టయింది. అయితే మూడో కాగితం ఇంకా నేల మీదే ఉంది. తెల్ల దారపు కొమ్మది. అందులో అదే జాగాలో, కొండ కాదు కానీ, చీమలు పెట్టిన మట్టికుప్పంత లేచి ఉంది.

“ఇదేంది బిడ్డా? దీనికి నేను చుక్క నీళ్ళు చల్లలే.”

“అవును. కొంచెమే ఉన్నది.”

“కొంచెమైనా ఎట్లుంది?”

“వేర్ల నుంచి పోయిందో, గాలిల దుమ్ము నుంచి పోయిందో. నువ్వు తునికాకు తడిపిన నీళ్ళు తీగ మొదట్ల పారబోస్తవు గద, చేతులు గూడ ఆడనే కడుగుతవు. నాకు సమజైతలేదు పెద్దమ్మా. మేడంకు గూడ పక్కాగ తెల్వదు.”

నేను కాగితం చేతిలో పట్టుకుని తల పైకెత్తాను. తెల్ల దారం, దాని కింద మంచం, మంచం మీద మా అత్త. కొమ్మకు నోరు లేదు, ముక్కు లేదు. అయినా దాని లోపలికి పోయింది. నోరూ ముక్కూ ఉన్నవాళ్ళం ఇన్నేళ్ళుగా ఆ కిందే కూర్చున్నాం. మరి మమ్మల్ని ఆరబెట్టి పొడి చేసి ఆ మిషనులో పెడితే గుట్ట వస్తుందా, కొండ వస్తుందా? ఈ మాట బయటికి అనలేదు. ఆ పిల్ల అంత సంతోషంలో ఉంటే ఎట్లా అంటాను?

ఆమె రాసి ఇచ్చింది. వారం తర్వాత బయటి ఊరి నుంచి పెద్ద సారు వచ్చి ఒక్కొక్కరినీ ప్రశ్నలు అడిగారట. తిరిగొచ్చి గేటు తీస్తూనే, “పాసైన పెద్దమ్మా!” అని అరిచింది. మా అత్త, “ఆకులు తెంపిచ్చింది నా కోడలు, దానికేం ఇచ్చిన్రు?” అన్నది. ఇద్దరికీ నోట్లో చక్కెర పెట్టాక, సారు ఏమడిగాడు అని అడిగాను.

“ఆ తెల్ల దారం కొమ్మ ముచ్చటే అడిగిండు. నీళ్ళు చల్లకున్నా ఎందుకొచ్చింది అన్నడు.”

“నువ్వేమన్నవు?”

“ఇంక తెల్వదు సార్, మన్ను, గాలి వేరువేరుగ చూడాలె అన్న. బాగ చెప్పినవమ్మా అన్నడు.”

నేను ఆమె మొహంలోకి చూశాను, ఆట పట్టిస్తోందేమోనని. కాదు. మూడో తరగతిలో సారు అడిగితే తెలియదన్నందుకు నన్ను బెంచీ ఎక్కించారు. ఇక్కడ తెలియదన్న పిల్లను మెచ్చుకుని పంపారు. అంత పెద్ద మిషను, అన్ని సీసాలు, మూడు కాగితాలు, చివరికి వచ్చి తెలియదనే చోట ఆగిందంటే, ఇది తెలిసినట్టా తెలియనట్టా? తెలియనిదే అయితే పాస్ ఎట్లా? ఆమె వివరించింది. మాటలన్నీ గుర్తున్నాయి. అంతే.

కంపెనీలో చేరడానికి పోయే పొద్దున ఆమె బ్యాగులు ఆటోలో పెట్టి మళ్ళీ లోపలికి వచ్చింది.

“పెద్దమ్మా, అవ్వ మంచం జర లోపటికి మార్చు.”

“ఎందుకు? తెల్వదంటివి గద.”

“తెల్వదు. అయినా మార్చు. నువ్వు గూడ మూతికి బట్ట కట్టుకో.”

ఆమె పోయిన మధ్యాహ్నమే మంచం లోపలికి వేశాను. లోపల ఉక్క. మా అత్త కర్ర పట్టుకుని లేచి, తనే మంచాన్ని ఒక కోడు పట్టి బరబరా ఈడ్చుకుంటూ మళ్ళీ తీగ కిందికి తెచ్చుకుంది. నేను మళ్ళీ లోపల వేశాను. మర్నాడు లేచేసరికి మళ్ళీ బయట.

“అత్తమ్మా, నీ మంచికే చెప్తున్న. ఈడ తంబాకు గాలి ఉన్నదట.”

“గాలి నా మంచంల నుంచి వస్తుందానే? నీ చాటల నుంచి వస్తుంది. జరిగేదుంటే నువ్వు జరుగు.”

చాట ఎత్తుకుని ఇంటి వెనక గోడ దగ్గరికి పోయి కూర్చున్నాను. అక్కడ నీడ లేదు. ముక్కుకు, మూతికి కొంగు చుట్టుకుంటే దారం కనబడలేదు, తీసేశాను. పొద్దెక్కేకొద్దీ ఎండకు తంబాకు గలగలలాడేట్టు ఎండింది. నీడలో ఉన్నప్పటి కన్నా ఇంకా ఎక్కువ దుమ్ము లేచింది. గాలి ఎటు వీస్తోందో చూద్దామని చిటికెడు పైకి ఎగరేశాను. కొంచెం ఇంటి వైపు పోయింది, కొంచెం నా మీద పడింది.